తోడుకోని పాలు

రాజవ్వకు కోపమొస్తే వాడకట్టంతా తెలుస్తుంది, సంతోషమొస్తే పక్క ఊరికి కూడా తెలుస్తుంది. అందుకే ఆ వానాకాలం పొద్దున ఆమె కొట్టం లోంచి కేక వినబడగానే, అది కోపమో సంతోషమో తేల్చుకోలేక ఇరుగుపొరుగు వాళ్ళు చేతిలో పని చేతిలోనే పట్టుకుని గోడల మీంచి తొంగిచూశారు.

"పొంగింది! ఓ నిషితా, జల్దీ రా బిడ్డా! నీ పురుగులు పొంగినయ్!"

కోడలు నిషిత పళ్ళు తోముకుంటున్నదల్లా బ్రష్షు నోట్లోనే పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కొట్టంలో నీడపట్టున పెద్ద మట్టికాగు ఉంది. అందులో మొన్న కలిపినప్పుడు ఉత్త బెల్లం నీళ్ళు. ఇప్పుడు పైన మీగడలాంటి తెల్లటి పొర కట్టింది, అంచుల వెంట నురగ చేరింది, ముక్కుకు పుల్లటి వాసన తగులుతోంది.

"పురుగులు కాదత్తమ్మా, బ్యాక్టీరియా," అంది నిషిత నోట్లో నురగతోనే.

"ఏదో ఒకటి తీయ్. బతికినయా లేదా, అది చెప్పు."

"బతకడమేంది, ఒక్కొక్కటి కోట్లయినయ్!"

ఆ మాటతో రాజవ్వ కాళ్ళు భూమ్మీద నిలవలేదు. కాగు చుట్టూ తిరిగింది, వంగి వాసన చూసింది, మళ్ళీ తిరిగింది. కోట్లమంది చుట్టాలు చెప్పాపెట్టకుండా ఇంటికి దిగినట్టు, వాళ్ళకు ఎక్కడ ఏం పెట్టాలో అని ఆరాటపడిపోయింది.

ఆమె ఇంత సంబరపడటానికి కారణం ఉంది. హత్నూర మండలంలోని ఆ పొలం రాజవ్వకు తల్లిగారింటివాళ్ళు పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. దాని గురించి భర్త వెంకటేశం, కొడుకు మహేష్ ఎన్ని సలహాలైనా చెప్పొచ్చు, సంతకం మాత్రం ఆమెదే. ఆ నేలలో ఆమె అల్లం వేస్తుంది. అల్లమంటే ఆమెకు పిచ్చి. వరి వేసుకొమ్మన్నా, పత్తి వేసుకొమ్మన్నా చెవిలో వేసుకోదు. కానీ వరసగా రెండేళ్ళు చేను దుంపకుళ్ళుతో పోయింది. ముందు ఆకు కొసలు పసుపు పచ్చబడతాయి. పట్టి లాగితే మొక్క చేతికి ఊడి వస్తుంది. కింద దుంప ఉండాల్సిన చోట కంపు కొట్టే ముద్ద మిగులుతుంది. మట్టిలో దాక్కున్న బూజు చేసే పని అది. వాన నీళ్ళతో పాటు ఒక బెడ్డు నుంచి, అంటే ఎత్తు చేసిన ఒక మడి నుంచి, ఇంకో బెడ్డుకు పాకుతుంది. దుకాణం వాళ్ళు ఇచ్చిన మందులన్నీ పోశారు. బూజు వాటిని పూచికపుల్లంత కూడా లెక్కచేయలేదు.

వెంకటేశం మంచివాడే, కాకపోతే అలిసిపోయాడు. గడ్డపోతారంలో ఒక కంపెనీ బాయిలర్ దగ్గర డ్యూటీ చేసి, మళ్ళీ పొలానికొచ్చి కుళ్ళిన దుంపలు ఏరిపారేయడం ఎవరికైనా విసుగే. సరిగ్గా ఆ విసుగు పట్టుకునే ప్లాట్ల అంజయ్య ఇంట్లో అడుగుపెట్టాడు. పక్క ఊరివాడే, వరసకు తమ్ముడవుతాడు. చుట్టుపక్కల పొలాలన్నీ లేఅవుట్లకు మాట్లాడిపెట్టడం అతని పని. ఇంద్రేశంలో నిన్నటి జొన్న చేలు ఇవాళ డాబాలెట్లా అయ్యాయో ఫోనులో చూపించి, వెంకటేశాన్ని సగం ఒప్పించేశాడు కూడా.

"అక్కా, చుట్టూ అందరూ ఇచ్చిండ్రు. నడుమ నీ ఒక్క చెక్క ఆగింది. రోడ్డు నీ పొలంల నుంచే పోవాలె," అన్నాడు ఎండాకాలంలో ఒకనాడు.

"రోడ్డు పోవాలంటే పక్క నుంచి పోనీయ్. నా అల్లం యాడికి పోతది?"

"యాడికో ఏంది, కుళ్ళి మట్టిలకే పోతున్నదాయె!"

ఆ వెటకారం రాజవ్వకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెంకటేశం కూడా నోరు మెదపకుండా నేల చూస్తుండటం ఇంకా మండించింది. కోపంలో లేచి, అందరూ వినేలా మాటిచ్చేసింది. "ఇగో తమ్మీ, ఈ ఒక్కసారి ఏస్త. పోయినేడు లెక్క చేనంతా పోతే, దసరా దాటినంక నువ్వు కాయితాలు పట్టుకొని రా. సంతకం నేనే పెడ్త. పోలేదనుకో, మళ్ళ నా వాకిట్లకు ప్లాట్ల మాట తేవద్దు."

అంజయ్య నవ్వుకుంటూ బండెక్కాడు. ఆ నవ్వు చూశాక రాజవ్వకు కోపం దిగి భయం ఎక్కింది. మాటంటే మాటే. వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు.

అప్పుడు దారి చూపించింది నిషితే. ఆమె గడ్డపోతారంలోనే ఇంకో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. బ్యాక్టీరియాను చంపే మందు ఎంత గట్టిగా చంపుతుందో రోజంతా కొలవడం ఆమె ఉద్యోగం. అలాంటి పిల్ల, జీవ ఎరువుల తయారీలో పనిచేసే తన స్నేహితురాలి దగ్గర్నుంచి ఒక సీసా పట్టుకొచ్చి, ఇందులో మంచి బ్యాక్టీరియా ఉంది, దీన్ని పెంచి అల్లానికి పోద్దామంటే రాజవ్వ ముక్కున వేలేసుకుంది.

"పగలంతా చంపుతవ్, ఇంటికొచ్చి పెంచుతనంటవ్. ఇదేం ఇచ్చంత్రమే?"

"అవి వేరే, ఇవి వేరే అత్తమ్మా. ఇవి మట్టిలనే ఉండేటియి, మనకు సాయం చేసేటియి. చూడు, పటాన్‌చెరు బస్సుల సీటు కోసం కిటికీల నుంచి దస్తీ ఏస్తరు గదా? గట్లనే ఇవి ముందుగాల పోయి వేరు మీద జాగ పట్టుకుంటయ్. బూజు వచ్చి చూసేసరికి కూసునేటందుకు సీటుండదు. గట్టిగ మీదికొస్తే దాని ఒళ్ళు కరిగే రసం ఇవే తయారు చేసి వదుల్తయ్."

రాజవ్వకు రసం సంగతి ఎంత అర్థమైందో గానీ, దస్తీ సంగతి మాత్రం చప్పున ఎక్కింది. సీటు కోసం ఎన్నిసార్లు కొట్లాడిందో ఆమెకు తెలుసు. "అయితే బూజు కంటే ముందే బస్సెక్కాలె," అంది. అదీ నిషిత చెప్పాలనుకున్నదే. కుళ్ళిన దుంపను ఈ బ్యాక్టీరియా బాగుచేయదు, కుళ్ళకముందే చేరాలి.

అలా కాగులో కలిపినవే ఆ పొద్దున పొంగిన బెల్లం నీళ్ళు. అత్తాకోడళ్ళిద్దరూ వాటిని బిందెలతో మోసుకెళ్ళి, మామూలు నీళ్ళలో పలచన చేసి, బావి వైపున్న బెడ్లకు మొక్క మొక్కకూ పోశారు. కాగు చిన్నది, చేను పెద్దది. ఆ బెడ్లతోనే అయిపోయింది. మిగతా చేనుకు మళ్ళీ కలపాలి.

సరిగ్గా అప్పుడే నిషిత కంపెనీలో ఆడిట్ పడింది. బయటి దేశం నుంచి తనిఖీ వాళ్ళు వస్తున్నారని ల్యాబు వాళ్ళకు తిండీ నిద్రా లేకుండా చేశారు. పొద్దున పోయిన పిల్ల ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినా పడుకోవడానికే వస్తుంది. పైన మబ్బులు కమ్ముతున్నాయి. వాన దిగిందంటే బూజు బస్సెక్కేస్తుంది. రాజవ్వ ఊరుకుంటుందా? కలపడం చూసింది, పోయడం చూసింది, ఇంక తెలియనిదేముంది? కావాల్సింది పెద్ద పాత్ర.

గడ్డపోతారం రోడ్డు పక్కన పాత డ్రమ్ములు అమ్మే కొట్టుకు వెళ్ళి, అన్నిట్లోకీ పెద్ద నీలం డ్రమ్ము ఏరుకుంది. మందుల కంపెనీల్లోంచి బయటికొచ్చే ఆ నీలం డ్రమ్ములు ఈ చుట్టుపక్కల లేని ఇల్లుండదు. నీళ్ళు పట్టుకోవడానికి అవే, వడ్లు పోసుకోవడానికి అవే, బర్రెల దాణాకూ అవే. రాజవ్వ ఆ డ్రమ్మును సబ్బుతో తోమింది, చింతపండుతో తోమింది, ఎండకు బోర్లించింది. లోపల చూసుకుంటే మొహం కనబడేంత నిగనిగలాడింది. బెల్లం కలిపింది, సీసాలో మిగిలిన బ్యాక్టీరియా పోసింది, మూత పెట్టి గిరగిరా దొర్లించి బాగా కలిపింది. అలా దొర్లించడం ఆమె సొంత తెలివి. కర్రతో కలపడం కంటే అదే మేలనిపించింది.

మూడో నాడు మూత తీసి చూస్తే పొర లేదు, నురగ లేదు, వాసన కూడా లేదు. నీళ్ళు తేటగా మెరుస్తున్నాయి. రాజవ్వ మురిసిపోయింది. "కాగు మురికిది గనుక కంపు కొట్టింది. ఇది సాఫ్‌గ ఉన్నది గనుక కంపు లేదు," అని మహేష్‌తో గొప్పగా చెప్పింది. మహేష్‌కు అనుమానం రాలేదు. ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు, ఏది శుభ్రంగా ఉంటే అదే మంచిదని రోజూ వినేవాడు. సెలవు రోజు చూసుకుని తల్లీకొడుకులు మిగిలిన చేనంతా తడిపేశారు. ఆఖరి బిందె పోస్తుండగానే మొదటి చినుకు పడింది. రాజవ్వ ఆకాశం వైపు చూసి, "ఇగ కురువ్! ఎంత కురుస్తవో కురువ్!" అని సవాలు విసిరింది.

ఆకాశం మాట విన్నది. ముసురు పట్టింది. బెడ్ల మధ్య కాలవల్లో నీళ్ళు నిలబడ్డాయి. శ్రావణం వెళ్ళేసరికి చేను ఆ కొసన పసుపు రంగు మొదలైంది.

రాజవ్వ ఒక మొక్క పట్టుకుని లాగింది. ఊడి చేతికొచ్చింది. ఇంకోటి లాగింది. అదీ అంతే. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. గట్టు మీద కూలబడింది. సంగతి అంజయ్యకు ఎవరు చేరవేశారో గానీ, సాయంత్రానికి బండి మీద అటుగా వచ్చి, దిగకుండానే చేను వైపు ఒక చూపు చూసి, "దసరా ఎంతో దూరం లేదక్కా," అని పోయాడు. రాజవ్వ తిట్టడానికి కూడా నోరు తెరవలేదు. ఆమె తిట్టకపోవడం చూసి వెంకటేశం నిజంగా భయపడ్డాడు.

ఆడిట్ ముగిసిన మర్నాడు నిషిత చేనుకొచ్చింది. గట్టు మీద అత్త మొహం చూసింది. సీసా తెచ్చింది తను, ఆశపెట్టింది తను. ఏం మొహం పెట్టుకుని మాట్లాడాలో తోచక బెడ్ల వెంట అటూ ఇటూ నడిచింది. నడుస్తూ నడుస్తూ బావి దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. మళ్ళీ ముందుకు చూసింది.

"అత్తమ్మా! ఇటు రా! జల్దీ!"

"ఏమున్నదని రావాలె?"

"రమ్మంటున్న గదా! ఈ బెడ్లు చూడు!"

బావి వైపు బెడ్లన్నీ నిండు పచ్చగా ఉన్నాయి. ఆ కొస మూల నుంచి పాకిన పసుపు సరిగ్గా వాటి పక్క బెడ్డు దగ్గరే ఆగింది; అవతలి వైపు బెడ్లలోకి మాత్రం అప్పుడప్పుడే పాకుతోంది. మధ్యన తాడు కట్టినట్టు సరిగ్గా గీత. రాజవ్వ పచ్చ బెడ్డులో ఒక మొక్క లాగింది. అది కదల్లేదు. రెండు చేతులతో లాగింది. కదల్లేదు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇవి కాగుల నీళ్ళు పోసినయి," అంది మెల్లగా.

"అవి?" నిషిత పసుపు బెడ్ల వైపు చూపించింది.

"అవి డ్రమ్ములయి."

"వాన అన్నిటి మీద ఒక్క తీరే పడ్డది. మట్టి ఒక్కటే. విత్తనం ఒక్కటే. బూజు గిట్ల గీత గీసినట్టు ఆగుతదా?" నిషిత గీత మీద నిలబడి రెండు చేతులూ రెండు వైపులా చాపింది. "అత్తమ్మా, మన బ్యాక్టీరియా ఓడిపోలే. అసలు ఆ డ్రమ్ముల నుంచి చేనుకు రానేలే! డ్రమ్ము నీళ్ళు పులిసినయా? వాసనొచ్చిందా?"

"లేదు బిడ్డా. సాఫ్‌గ ఉండె. మంచిగున్నయనే అనుకున్న."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కసారే ఇంటికి పరుగు తీశారు. రాజవ్వ వయసు ఎంతైతేనేం, కోడలి కంటే ముందే కొట్టంలో ఉంది.

నిషిత డ్రమ్మును అడ్డంగా పడేసి అంతా వెతికింది. లోపల ఏమీ లేదు. మూత తిప్పి, దాని లోపలి రబ్బరు రింగును గోటితో లేపింది. రింగు కింద గాడి నిండా తడిసి గట్టిపడిన తెల్లటి పొడి. ఎన్నిసార్లు తోమినా చేయి చేరని చోటు అది. దొర్లించినప్పుడల్లా నీళ్ళు వెళ్ళి ఆ పొడిని తడిపాయి.

"ఇది బ్యాక్టీరియాను చంపే మందే అయితే, మనోళ్ళు పుట్టకముందే సచ్చినట్టు. కానీ ఇది గదేనా కాదా ఎట్ల తెలుస్తది? మా ల్యాబుల చూడొచ్చు గానీ, బయటి వస్తువును గేటు దాటనియ్యరు," అని నిషిత తల పట్టుకుంది.

రాజవ్వ ఆ తెల్ల పొడి వైపే చూస్తోంది. ఎందుకో ఆమెకు తమ పాత బర్రె గుర్తొచ్చింది. "నువ్వు కోడలిగ రాకముందు మా బర్రెకు పొదుగు వాచింది. డాక్టర్ సూదులేసిండు. ఆ పాలు పడేయమన్నడు గానీ నేను వినక తోడుపెట్టిన. రెండు దినాలు పెట్టినా తోడుకోలే. పాలు పాల లెక్కనే ఉండె. సూది మందు పాలల్లకొచ్చిందన్నడు ఆయన. ఇది గూడ గసొంటిదేనా?"

నిషిత అత్త రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. "అత్తమ్మా! గిదే కావాలె! పెరుగును చేసేది గూడ బ్యాక్టీరియానే! ఇంట్ల పాలున్నయా?"

పాలు కాచి చల్లార్చి రెండు గిన్నెల్లో పోశారు. మూత గాడిని తడిపిన నీళ్ళు ఒక దాంట్లో, అంతే కొలతగా బోరు నీళ్ళు రెండో దాంట్లో కలిపారు. రెండింటిలోనూ ఒకే తోడు వేశారు. ఎవరూ పొరపాటున తినకుండా రాజవ్వ పొడి కలిపిన గిన్నె చుట్టూ ముగ్గుతో గుండ్రంగా గీసి, దాని దరిదాపులకు వచ్చినవాళ్ళ కాళ్ళు విరగ్గొడతానని ఇంట్లో అందరికీ చెప్పింది. ముఖ్యంగా వెంకటేశానికి, ఎందుకంటే పెరుగు కనిపిస్తే ఆయనకు చేయి ఆగదు.

తెల్లవారగానే ఇంటిల్లిపాదీ గిన్నెల చుట్టూ చేరారు. నిషిత బోరు నీళ్ళ గిన్నెను వంచింది. కాస్త పలచనే గానీ, పెరుగు కదలకుండా నిలబడింది. రెండో గిన్నెను వంచింది. పాలు జారి అంచుకొచ్చాయి. తోడు అడుగున అలాగే ముద్దగా పడి ఉంది.

రాజవ్వ అరిచిన అరుపుకు ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు, అది సంతోషమే. "తోడుకోలే! తోడుకోలే!" అని వాకిట్లోకొచ్చి గంతులేసింది. ఇంట్లో పాలు విరిగితే ఏడ్చేవాళ్ళుంటారు గానీ, తోడుకోకపోతే ఎగిరేవాళ్ళను ఆ వాడకట్టు మొదటిసారి చూసింది. ఏమైందో తెలుసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు విషయం విని, మెల్లగా తమ వాకిళ్ళ వైపు తిరిగి చూశారు. ప్రతి వాకిట్లో ఒక నీలం డ్రమ్ము, అందులో తాగే నీళ్ళు. పొద్దెక్కేలోపు వాడకట్టంతా డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి.

"తప్పు నాదే," అంది రాజవ్వ మొగుడితో సూటిగా. "నేనే తెచ్చిన, నేనే దొర్లించిన. కానీ చేను పూరాగ పోలే. పచ్చగున్నదాన్ని ఇంక కాపాడుకోవచ్చు."

వెంకటేశం చాలాసేపు పెరుగు గిన్నెనూ పాల గిన్నెనూ మార్చి మార్చి చూశాడు. రెండేళ్ళుగా ఆయన కుళ్ళిన దుంపలే చూశాడు. ఎందుకు కుళ్ళాయో, ఎందుకు కుళ్ళలేదో ఇలా కళ్ళకు కట్టినట్టు ఎవరూ చూపించలేదు. "ఎంత పెద్ద పాత్ర కావాలె?" అని అడిగాడు. అంతే, రాజవ్వకు ఏనుగెక్కినంత సంబరమైంది.

పాత్రల కోసం టెంట్‌హౌస్ వీర్రాజు దగ్గరికి వెళ్ళారు. భాద్రపద మాసం, పెళ్ళిళ్ళు లేవు. బిర్యానీ డేగ్షాలన్నీ అతని షెడ్డులో ఖాళీగా బోర్లించి ఉన్నాయి. కిరాయి అనగానే సంతోషపడ్డ వీర్రాజు, పని ఏమిటో విని జడుసుకున్నాడు.

"నా డేగ్షాల్ల పురుగులు పెంచుతవా వదినా? రేపు ఎవడన్న వీటిల్ల వండింది తింటడా?"

"నువ్వు పొద్దున తిన్న పెరుగుల ఏమున్నయనుకున్నవ్? గవీ జీవాలే. నీ కడుపులకే పోంగ లేనిది, నీ డేగ్షాలకొస్తే ఏమైతది?"

వీర్రాజు పొట్ట మీద చేయి వేసుకుని కాసేపు ఆలోచించి, మూతలు కూడా ఇచ్చి పంపాడు. నిషిత స్నేహితురాలిని బతిమాలి ఇంకో సీసా తెప్పించింది. డేగ్షాలను వేడినీళ్ళతో కడిగి, కొట్టంలో వరసగా పెట్టి బెల్లం కలిపారు. దారిన పోయేవాళ్ళు ఎవరి పెళ్ళని అడిగితే, రాజవ్వ లోపలికి రమ్మని మూత తీసి చూపించింది. మూడో నాటికి కొట్టమంతా పుల్లటి వాసన. ప్రతి డేగ్షాలోనూ పొర కట్టింది. రాజవ్వ ఒక్కో మూతా తీసి, వంగి, గుండె నిండా వాసన పీల్చి, "పులిసింది!" అని ప్రకటించింది. వాసన పీలుస్తూ ఇంత ఆనందపడేవాళ్ళను బర్రెలు కూడా వింతగా చూశాయి.

ఆ తర్వాత పరుగే పరుగు. మళ్ళీ మబ్బు పడుతోందని ఫోనుల్లో చెబుతున్నారు. వెంకటేశం సెలవు పెట్టాడు. పార పట్టుకుని కాలవలన్నీ లోతు చేసి నిలిచిన నీళ్ళు బయటికి తోలాడు. కుళ్ళిన మొక్కలను మట్టితో సహా పెకలించి మహేష్ దూరంగా పారేశాడు. అత్తాకోడళ్ళు బిందెలతో బెడ్డు బెడ్డుకూ తిరిగారు. పసుపు అంచు దగ్గరికి రాగానే రాజవ్వ ఆగి, "జాగ పట్టుకోండ్రి! దస్తీ ఏసుకోండ్రి! ఒక్కనికి గూడ సీటియ్యద్దు!" అని బ్యాక్టీరియాకు గట్టిగా చెప్పి మరీ పోసింది. నిషిత పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది కూడా, ఎందుకంటే అదంతా నిజంగా పనిచేస్తుందో లేదో ఆమెకు కూడా తెలియదు.

వాన వచ్చింది. దడదడా కురిసింది. తెరిపివ్వగానే రాజవ్వ చేనుకు పరుగెత్తింది. పసుపు గీత ఉన్నచోటే ఉంది. ఇంకో వాన పడింది. గీత అక్కడే ఉంది. బతుకమ్మ పండుగకు ఆడవాళ్ళంతా చీరలు కట్టుకుని పువ్వులు పేర్చుకుంటుంటే, ఆమె మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, "జరగలే! గీత ఇంచు గూడ జరగలే!" అని చెప్పింది. ఎవరికీ ఏం గీతో అర్థం కాకపోయినా, ఆ మొహం చూసి అందరూ నవ్వారు.

దసరా దాటింది. అంజయ్య చెప్పినట్టే వచ్చాడు, చంకలో కాగితాలతో. ఇంటికి కాదు, నేరుగా చేనుకే వచ్చాడు. చేనులో ఒక మూల నల్లగా ఖాళీగా ఉంది. మిగతాదంతా నడుము ఎత్తు పచ్చదనం.

"పైకి పచ్చగుంటే ఏమైతదక్కా? కిందగూడ జూడాలె," అన్నాడు.

రాజవ్వ గడ్డపార అందుకోబోయింది. ఈలోపే వెంకటేశం ముందుకొచ్చి దాన్ని తీసుకున్నాడు. ఎక్కడో పచ్చ బెడ్డులో కాదు, ఆ నల్ల మూలకు ఆనుకుని ఉన్న మొక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పోయేదుంటే ముందు అదే పోవాలి. రాజవ్వ పక్కనే వంగి చూసింది. ఆయన మట్టిని చుట్టూ వదులు చేసి, చేతులు లోపలికి పెట్టి, మెల్లగా పైకెత్తాడు. దోసిలి నిండా గట్టి అల్లం, లేత గులాబీ కొసలతో, ఎక్కడా చిన్న మచ్చ లేదు. ఆయన ఒక కొమ్ము పుటుక్కున విరిచాడు. ఘాటు గుప్పుమంది.

రెండేళ్ళ తర్వాత ఆ పొలంలో అల్లం వాసన వచ్చింది. రాజవ్వకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆమె వాటిని తుడుచుకోను కూడా లేదు. వెంకటేశం ఆ కొమ్మును ఆమె చేతిలో పెట్టి, అంజయ్య వైపు తిరిగి, "కాయితాలు తీసుకపో తమ్మీ. ఇది ఆమె భూమి, ఇగ ఉంటది," అన్నాడు. ఆ మాట మొగుడి నోట వినడం కోసం ఎన్నాళ్ళు ఎదురుచూసిందో రాజవ్వకే తెలుసు.

అంజయ్య కాగితాలు మడుచుకున్నాడు. కానీ కదల్లేదు. కాలి బొటనవేలితో మట్టి గీకుతూ నిలబడ్డాడు. వెంకటేశం, మహేష్ బావి దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"అక్కా, జెర ఒక్క మాట. గా పులిసిన నీళ్ళు... నాకు గూడ కొన్ని ఇస్తవా?"

"నీకెందుకు? ప్లాట్లకు చల్లుతవా?"

"కాదక్కా. మా ఇంటెనక పొలంల పసుపేసిన. కుళ్ళు పట్టింది."

రాజవ్వ నిలువునా చూసింది. "నీకు పొలమున్నదా? మరి గది ఎందుకు ప్లాట్లు చేయలే?"

"నాదెందుకు అమ్ముత అక్కా?" అన్నాడు అంజయ్య. ప్రశ్నే అర్థం కానట్టు, చాలా మామూలుగా అన్నాడు.

రాజవ్వ ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వుకు బావి దగ్గరున్నవాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు. ఇన్నాళ్ళుగా ఆమెకు నిద్ర లేకుండా చేసిన మనిషి ఇప్పుడు ఆమె కంటికి కుళ్ళు పట్టిన పసుపు చేను ఉన్న ఇంకో రైతులా కనిపించాడు, అంతకంటే ఎక్కువ కాదు.

"రేపు పొద్దుగాల మీ ఇంటామె శివమ్మను తోలుకొని రా," అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఎట్ల కలుపాల్నో ఆమెకు నేర్పిస్త. నీకు నేర్పిస్తే దాన్ని గూడ ఎవలికన్న అమ్మి కూసుంటవ్."

అంజయ్య తల గోక్కుంటూ బండి స్టార్ట్ చేశాడు. రాజవ్వ అతన్ని వెనక్కి పిలిచి, చేతిలోని అల్లం కొమ్ము ఇంట్లో చాయలో వేసుకొమ్మని ఇచ్చి పంపింది.